మాంగా, అనిమేలలో క్లాసికల్ సంగీతకారులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పియానో, వయొలిన్, ఆర్కెస్ట్రా చుట్టూ తిరిగే మాంగా (జపనీస్ కామిక్స్), అనిమే (జపనీస్ యానిమేషన్) కథల గురించి మాట్లాడిన ప్రతిసారీ అవే సందేహాలు తిరిగి వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు. కథల ముగింపులు ఎక్కడా చెప్పలేదు.

## మొదలుపెట్టే ముందు

ఇన్ని ఉన్నాయి, ముందు ఏది చూడాలి?

నన్నడిగితే "నోదామే కాంటాబిలే". నినోమియా తొమోకో 2001లో మొదలుపెట్టిన మాంగా ఇది, 2007లో అనిమేగా వచ్చింది. కండక్టర్ కావాలని తపించే చియాకి, చెత్తతో నిండిన గదిలో ఉంటూ అద్భుతంగా పియానో వాయించే నోదామే, వీళ్లిద్దరి కథ. మొదట్లోనే ఒక సన్నివేశం ఉంటుంది. తాగిన మత్తులో పడిపోయిన చియాకికి ఎక్కడి నుంచో బీథోవెన్ "పతెటిక్" సొనాటా వినిపిస్తుంది. కళ్లు తెరిస్తే చుట్టూ చెత్త సంచులు, మధ్యలో పియానో దగ్గర ఓ అమ్మాయి. ఈ మనిషి ఇలా ఉంది, ఈ సంగీతమేమో అలా ఉంది అని చియాకి ఎంత ఆశ్చర్యపోతాడో మనమూ అంతే ఆశ్చర్యపోతాం. నవ్విస్తూనే సంగీత కళాశాల జీవితాన్ని ఇంత దగ్గరగా చూపించిన కథ ఇంకొకటి లేదు.

ఒక్క గంటలో అయిపోయేది కావాలంటే తకహతా ఇసావో 1982లో తీసిన "గోష్ ది చెలిస్ట్" చూడండి.

పాశ్చాత్య సంగీతంలో నాకు ఓనమాలు కూడా రావు. అర్థమవుతుందా?

అవుతుంది. ఇవి వారపత్రికల్లో, మాసపత్రికల్లో మామూలు పాఠకుల కోసం వచ్చిన కథలు. కాన్సర్టో అంటే ఒక సోలో వాద్యం, దానికి తోడు ఆర్కెస్ట్రా. సొనాటా అంటే ఒకటి రెండు వాద్యాలకు రాసిన, కొన్ని భాగాలున్న రచన. ఎట్యూడ్ అంటే వేళ్లకు ఒక ప్రత్యేకమైన కష్టాన్ని నేర్పడానికి రాసిన చిన్న రచన. ఈ మూడు మాటలు తెలిస్తే చాలు, మిగతావి పాత్రలే చెబుతాయి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. నొటేషన్ చూసి వాయించే సంగీతంలో ఇంత గొడవ దేనికో అర్థం కావడం లేదు.

మంచి ప్రశ్న. ఈ కథలన్నిటి ముడి ఇక్కడే ఉంది.

మన కచేరీలో కృతి త్యాగరాజస్వామిదే అయినా, రాగాలాపన, నెరవల్, స్వరకల్పన పాడేవాళ్ల సొంతం. మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లుకోవడానికి, అక్కడ చోటు ఉంది. షోపాన్ రాసిన బల్లాడ్ అనే పియానో రచన వాయించే పియానిస్టుకు అలాంటి చోటు లేదు. ఏ స్వరం ఎంతసేపు, ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా అన్నది చాలావరకు కాగితం మీదే ఉంటుంది. వాయించేవాళ్లకు మిగిలేది లయను కాస్త సాగదీయడం, ఒక స్వరం మీద బరువు పెట్టడం, ఒక విరామాన్ని రవ్వంత ఆపి ఉంచడం. చోటు అంత ఇరుకు కాబట్టే దాని కోసం అంత పోరాటం.

"యువర్ లై ఇన్ ఏప్రిల్"లో పియానో వాయించే కోసేయిని చిన్నప్పుడు మనిషి రూపంలో ఉన్న మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్‌టిక్‌మని కొట్టే యంత్రం) అంటారు. రాసింది రాసినట్టు, పొల్లు పోకుండా వాయిస్తాడు. వయొలిన్ వాయించే కవోరి బీథోవెన్ "క్రాయిట్జర్" సొనాటాను తనకు తోచిన వేగంలో వాయించి జడ్జీలకు కోపం తెప్పిస్తుంది, ప్రేక్షకుల ఓట్లతో తర్వాతి రౌండుకు వెళ్తుంది. చియాకి కాగితాన్ని నమ్ముతాడు, నోదామే చెవిని నమ్ముతుంది. "ఫారెస్ట్ ఆఫ్ పియానో"లో షుహేయికి క్రమశిక్షణ, అడవిలోని పియానో మీద వాయిస్తూ పెరిగిన కాయ్‌కి స్వేచ్ఛ. జంట మారినా వాదం ఒకటే: ఈ సంగీతం రాసినవాడిదా, వాయించేవాడిదా? ఈ కథల్లో మంచివి ఈ ప్రశ్నకు సులువైన తీర్పు ఇవ్వవు. నాకు అవి నచ్చడానికి అసలు కారణం అదే.

జపాన్ వాళ్లకు బీథోవెన్, షోపాన్ అంటే ఎందుకంత ఇష్టం? వాళ్ల సంగీతం కాదు కదా?

మెయిజీ కాలంలోనే (1868–1912) బడుల్లోకి పాశ్చాత్య సంగీతం వచ్చింది. టోక్యో సంగీత పాఠశాల 1887లో ఏర్పడింది. అదే ఏడాది హమమత్సు పట్టణంలో యమహా తొరకుసు ఒక బడి ఆర్గాన్ బాగుచేశాడు. తర్వాత పుట్టిన యమహా కంపెనీకి నాంది అదే. కవాయి కూడా ఆ ఊరిదే. మొదటి ప్రపంచయుద్ధంలో పట్టుబడ్డ జర్మన్ ఖైదీలు షికోకు దీవిలోని బాందో శిబిరంలో 1918 జూన్ 1న బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ మొత్తం వాయించారు. ఇప్పుడు జపాన్‌లో ఆ సింఫనీ లేకుండా డిసెంబర్ గడవదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సుజుకి పద్ధతి (చిన్నప్పటి నుంచే విని నేర్చుకునే పద్ధతి), యమహా సంగీత తరగతులు మధ్యతరగతి ఇళ్లలోకి వయొలిన్, పియానోలను తెచ్చాయి. కాబట్టి జపాన్ పాఠకులకు ఇది పరాయి సంగీతం కాదు. పక్కింటి పిల్ల సాయంత్రం వాయించే సంగీతం.

పిల్లలకు చూపించవచ్చా?

"గోష్ ది చెలిస్ట్" ఎవరైనా చూడొచ్చు. హైస్కూల్ బ్యాండు కథ "సౌండ్! యుఫోనియం", హైస్కూల్ ఆర్కెస్ట్రా కథ "బ్లూ ఆర్కెస్ట్రా" హైస్కూల్ పిల్లలకు బాగుంటాయి. "యువర్ లై ఇన్ ఏప్రిల్"లో తల్లి కొడుకును కొట్టే సన్నివేశాలు, అనారోగ్యం ఉన్నాయి. పక్కన పెద్దవాళ్లు ఉంటే మంచిది. "నోదామే"లో ముసలి కండక్టర్ ష్ట్రేసేమాన్ అమ్మాయిల వెంట పడటాన్ని నవ్వులాటగా చూపించారు, అది నాకు ఇప్పటికీ నచ్చదు. "ఫారెస్ట్ ఆఫ్ పియానో" హీరో పెరిగిన రెడ్‌లైట్ పేట గురించి పిల్లలకు వివరించడం కష్టం.

## చూస్తున్నప్పుడు

మాంగాలో శబ్దమే ఉండదు కదా, సంగీతాన్ని ఎలా వినిపిస్తారు?

వినేవాళ్ల ముఖాల్లో వినిపిస్తారు. వాయించేవాడి వేళ్ల తర్వాత పేజీలో ఎక్కువ చోటు దక్కేది ప్రేక్షకులకే. విసుగ్గా కూర్చున్న జడ్జి పెన్ను ఆగిపోతుంది, వెనక వరసలో ఒకరు ముందుకు వంగుతారు, వింగ్‌లో తన వంతు కోసం చూస్తున్న పోటీదారు ముఖం పాలిపోతుంది. మనం వినలేనిదాన్ని వాళ్లు విన్నారని నమ్ముతాం.

రెండో పద్ధతి దృశ్యం. కాయ్ వాయిస్తుంటే హాలు అడవి అయిపోతుంది. కోసేయికి తన పియానో తనకు వినిపించనప్పుడు నీటి అడుగున కూర్చున్నట్టు గీస్తారు. మూడోది నిశ్శబ్దం. మాటలన్నీ తీసేసి వరసగా నాలుగైదు పేజీలు బొమ్మలతోనే నడిపితే చదివేవాళ్ల ఊపిరి కూడా నెమ్మదిస్తుంది.

ఒక్కోసారి అనిమే కంటే మాంగానే బాగుందనిపించేది అందుకే. "ప్రపంచం మరిచిపోయేలా వాయించాడు" అని మాంగా చెబితే మనం ఊహించుకుంటాం. అనిమేలో ఆ వాయిద్యం నిజంగా వినిపించాలి, నిజంగా అంత గొప్పగా ఉండాలి.

అనిమేలో వినిపించేది నిజంగా ఎవరు వాయిస్తారు?

చాలాసార్లు పేరున్న కళాకారులే. 2007 నాటి "ఫారెస్ట్ ఆఫ్ పియానో" సినిమాకు వ్లాదిమిర్ అష్కెనాజీ వాయించాడు. 2018లో మొదలైన టీవీ సీరీస్‌కు వాయించినవారిలో సొరితా క్యోహేయి ఒకడు. ఆ కథ వెళ్లేది పోలెండ్ రాజధాని వార్సాలోని షోపాన్ పియానో పోటీకి. 2021లో సొరితా అదే పోటీలో నిజంగానే రెండో బహుమతి పంచుకున్నాడు.

"యువర్ లై ఇన్ ఏప్రిల్"లో కోసేయి పియానో సకతా తొమోకిది, కవోరి వయొలిన్ షినొజాకి యునాది. "బ్లూ ఆర్కెస్ట్రా"లో హీరో హజిమె తండ్రి ప్రపంచ ప్రసిద్ధ వయొలినిస్టు. ఆ పాత్రకు వాయించింది హిలరీ హాన్. "సౌండ్! యుఫోనియం"కు మాత్రం సెంజోకు గాకుయెన్ సంగీత కళాశాల విద్యార్థుల చేత వాయింపించారు. ఆ నిర్ణయం నాకు చాలా ఇష్టం. హైస్కూల్ బ్యాండ్ పెద్ద ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రాలా మోగితే కథే అబద్ధమైపోయేది.

వేళ్లు, విల్లు సరిగ్గానే కదులుతున్నాయా, లేక ఊరికే గీసేస్తారా?

సీరీస్‌ను బట్టి ఉంటుంది. "గోష్ ది చెలిస్ట్" కోసం ప్రధాన యానిమేటర్ సైదా తొషిత్సుగు స్వయంగా చెల్లో నేర్చుకున్నాడు. గంటపాటి ఆ సినిమాకు దాదాపు ఆరేళ్లు పట్టింది. విల్లు తీగ మీద ఎక్కడ పడుతోందో, ఎడమచేయి ఎంత కిందికి దిగుతోందో చూస్తే ఆ శ్రమ తెలుస్తుంది.

ఇప్పటి టీవీ సీరీస్‌లు ఎక్కువగా కళాకారులు వాయిస్తుంటే వీడియో తీసుకుని, దాన్ని చూసి గీస్తాయి, లేదంటే కంప్యూటర్ గ్రాఫిక్స్ వాడతాయి. "ఫారెస్ట్ ఆఫ్ పియానో" టీవీ సీరీస్‌లో వేళ్లు సరైన మెట్ల మీదే పడతాయి కానీ మనిషి బొమ్మలా బిగుసుకుపోయి కనిపిస్తాడు. క్యోటో యానిమేషన్ వాళ్లు "యుఫోనియం"లో వాద్యాల వాల్వులు, మౌత్‌పీస్ దగ్గర పెదవులు, లోపల చేరిన నీటిని బయటికి వదలడం దాకా గీశారు. బ్యాండులో వాయించినవాళ్లకు ఆ చివరిది చూడగానే నమ్మకం కుదురుతుంది.

హీరో మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి వాయిస్తాడు. నిజం పోటీలో ఊరుకుంటారా?

ఊరుకోరు. మార్కుల లెక్కలో అక్కడితో అయిపోయినట్టే. "యువర్ లై ఇన్ ఏప్రిల్" ఈ విషయంలో నిజాయితీగానే ఉంది. సాంసాన్స్ "ఇంట్రడక్షన్ అండ్ రాండో కప్రిచ్చియోజో"లో కోసేయి ఆగిపోతే కవోరి కూడా ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. హాలు ఊగిపోతుంది, ఫలితం మాత్రం మారదు. అంత చప్పట్ల తర్వాత కూడా నియమాన్ని సడలించకపోవడం రచయిత తీసుకున్న మంచి నిర్ణయం.

స్కూల్ బ్యాండ్ పోటీకి ఇంత టెన్షన్ ఏమిటి? ఏడుపులు కూడానా?

జపాన్‌లో బడి బ్యాండులు చాలా పెద్ద వ్యవహారం. అఖిల జపాన్ బ్యాండ్ పోటీలో ముందు జిల్లా లాంటి ప్రిఫెక్చర్ స్థాయి, తర్వాత ప్రాంతీయ స్థాయి, ఆపైన జాతీయ స్థాయి. హైస్కూల్ పెద్ద విభాగంలో వేదిక మీదికి గరిష్ఠంగా 55 మంది. నిర్ణయించిన రచన, సొంతంగా ఎంచుకున్న రచన రెండూ 12 నిమిషాల్లో ముగించాలి. సమయం దాటితే అనర్హత. బంగారు, వెండి, కంచు గ్రేడులు ఇస్తారు, కానీ బంగారం వచ్చిన ప్రతి జట్టూ పైకి వెళ్లదు. బంగారం వచ్చి కూడా ఆగిపోవడం అన్నిటికంటే బాధ.

"యుఫోనియం" మొదటి సీజన్‌లో ట్రంపెట్ సోలో కోసం ఇద్దరమ్మాయిలు హాల్లో అందరి ముందూ వాయిస్తారు. ఒకరు అందరూ ఇష్టపడే సీనియర్, ఇది ఆమెకు చివరి ఏడాది. ఇంకొకరు కొత్తగా చేరిన రెయినా. ఎవరు బాగా వాయించారో వాళ్లకు చప్పట్లు కొట్టమంటే, అంత పెద్ద హాల్లో ఇద్దరు ఒకరికి, ఇద్దరు ఇంకొకరికి కొడతారు. మిగతావాళ్ల చేతులు లేవవు. తేడా అందరి చెవికీ తెలిసింది, పైకి చెప్పే ధైర్యం లేదు. ఆ తర్వాత టీచర్ అడిగే ఒక్క ప్రశ్న, దానికి సీనియర్ ఇచ్చే జవాబు తప్పకుండా చూడండి.

"లిజ్ అండ్ ది బ్లూ బర్డ్" చూశాను. ఏమీ జరగలేదే?

పాదాలు చూడండి. యమదా నవోకో 2018లో తీసిన ఈ సినిమా మొదట్లో ఓబో వాయించే మిజోరె, ఫ్లూట్ వాయించే నొజోమి సంగీతం గదికి నడుస్తారు. ముందు నొజోమి, వెనక మిజోరె. అడుగుల చప్పుళ్లు కలవవు. ఆ ఇద్దరి మధ్య ఉన్నదంతా అక్కడే వినిపిస్తుంది. స్నేహితురాలిని దాటిపోతానేమోనన్న భయంతో మిజోరె తన ఓబోను అణచుకుని వాయిస్తుంటుంది. ఒక రిహార్సల్‌లో ఆ అణచుకోవడం మానేస్తుంది. అప్పుడు ఓబోను కాదు, ఫ్లూట్‌ను వినండి. ఊపిరి ఎక్కడ తడబడుతోందో పట్టుకోండి. సంగీతంలో ప్రతిభల మధ్య తేడా స్నేహాన్ని ఏం చేస్తుందో ఒక్క డైలాగ్ లేకుండా ఇంత బాగా చెప్పిన సన్నివేశం నేను ఇంకెక్కడా చూడలేదు.

## నిజానికి ఎంత దగ్గర?

సాధన లేకుండానే జీనియస్ పిల్లలు అలా వాయించేస్తారా?

లేదు, మంచి కథలు అలా చెప్పవు కూడా. కాయ్ ఒకసారి విన్నది వాయించేస్తాడు, కానీ షోపాన్ దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోతాయి. అప్పుడే అజినో మాస్టారి దగ్గరికి వెళ్లి నేర్పమంటాడు. నోదామేకు చెవి ఉంది, నొటేషన్ ఓపికగా చదవడం రాదు. ఆమె కథంతా ఆ చదవడం నేర్చుకోవడమే.

అసలు లోపం వేరే చోట ఉంది. సాధనను రెండు నిమిషాల పాటలో, ఋతువులు మారే బొమ్మలతో దాటేస్తారు. నాలుగు ఆవర్తనాల కోసం వారం రోజులు కూర్చోవడం ఎలా ఉంటుందో తెరమీద అరుదు. ఆ పని చేసింది "గోష్". అతని దగ్గరికి రాత్రిళ్లు జంతువులు వస్తాయి. తనుకి (రకూన్‌లా కనిపించే జపాన్ అడవి జంతువు) పిల్ల ఒకటి చిన్న డప్పు వాయించి, రెండో తీగ మీదికి వచ్చినప్పుడల్లా నువ్వు వెనకబడుతున్నావు అంటుంది. ఒక తీగ, ఒక చిన్న ఆలస్యం. సాధన అంటే ఇదే.

తల్లిదండ్రులు, గురువులు నిజంగా అంత కఠినంగా ఉంటారా?

కొందరు ఉంటారు. కోసేయి తల్లి అనారోగ్యంతో మంచాన పడి, తను పోయాక కొడుకు బతుకుతెరువు ఏమవుతుందోనన్న భయంతో పియానో నేర్పుతుంది, తప్పు దొర్లితే కొడుతుంది. ఆ భయాన్ని కథ చక్కగా చూపించింది. కానీ ఆమె ప్రేమ బయటపడ్డాక దెబ్బలన్నీ మాఫీ అయినట్టు నడవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ అబ్బాయికి తన పియానో తనకే వినిపించకుండా పోవడానికి కారణాల్లో ఆ దెబ్బలూ ఉన్నాయి.

కష్టం అనుభవిస్తేనే సంగీతం పండుతుందన్న నమ్మకం ఈ కథల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. పిల్లలకు సంగీతం నేర్పించే ఇళ్లలో దీన్ని నిజమనుకోకండి.

స్వేచ్ఛగా వాయించినవాళ్లను నిజం జడ్జీలు కూడా పక్కన పెట్టేస్తారా?

పెట్టిన సందర్భాలు ఉన్నాయి. 1980 వార్సా షోపాన్ పోటీలో ఇవో పొగొరెలిచ్ అనే యువకుడి వాయిద్యం జడ్జీలను రెండుగా చీల్చింది. ఫైనల్‌కు ముందే అతన్ని తప్పించారు. 1965లో ఆ పోటీ గెలిచిన మార్తా ఆర్గెరిచ్ అప్పుడు జడ్జీ. అతను జీనియస్ అంటూ కమిటీ నుంచి తప్పుకుంది. ఆ ఏడాది గెలిచిన వియత్నాం పియానిస్టు దాంగ్ థాయ్ సోన్ కూడా తర్వాత గొప్ప పేరు తెచ్చుకున్నాడు. అంటే గెలిచినవాడు యంత్రం, ఓడినవాడే కళాకారుడు అని కథల్లోలాగా తేల్చేయడానికి వీల్లేదు.

చదువు అయ్యాక వీళ్ల బతుకుతెరువు ఏమిటి? ఆ సంగతి ఎవరూ చూపించరేం?

"నోదామే" పారిస్ భాగం చూపిస్తుంది. చియాకి చేతికి వచ్చే ఆర్కెస్ట్రా పరిస్థితి దారుణం. వాయించేవాళ్లు వేరే పనులు చేసుకుంటూ ఉంటారు, రిహార్సల్ చాలదు, టికెట్లు అమ్ముడుపోవు. అతను కొత్తగా ఆడిషన్లు పెట్టి జట్టును మళ్లీ నిలబెట్టే భాగం ప్రేమకథకంటే బాగుంటుంది.

జపాన్ సొంత శాస్త్రీయ సంగీతం మీద ఏమీ లేదా?

ఉంది. "కొనో ఒతో తొమారే" హైస్కూల్ కోతో క్లబ్ కథ. పదమూడు తీగల కోతోను బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుకు తొడుక్కున్న గోళ్లతో మీటుతారు. మాంగా రాసిన అమ్యూ కోతో వాయించే కుటుంబం నుంచే వచ్చింది. అందుకే చేతులు పట్టుకునే తీరు దగ్గర ఎక్కడా తడబాటు లేదు. "మషిరో నో ఒతో" త్సుగారు షమిసెన్ (షమిసెన్ అనే మూడు తీగల వాద్యాన్ని వాయించే ఒక శైలి) గురించి. అనిమేకు షమిసెన్ కళాకారులు యోషిదా బ్రదర్స్ సహకరించారు. ఉత్తర జపాన్‌లో ఊరూరా తిరిగిన అంధ కళాకారుల నుంచి వచ్చిన ఈ శైలిలో అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం ముఖ్యం. మనోధర్మం అలవాటున్న తెలుగు శ్రోతలకు పియానో కథలకంటే ఇదే త్వరగా చేరువవుతుంది.

## చూశాక

అనిమే చూసి వయొలిన్ నేర్చుకోవాలనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఏ వయొలిన్ అన్నది తేల్చుకోండి. వాద్యం ఒకటే అయినా పద్ధతులు వేరు. కవోరి నిలబడి, గడ్డం కింద పెట్టుకుని వాయిస్తుంది. తీగలు జి, డి, ఎ, ఇ స్వరాలకు ఉంటాయి. మన పద్ధతిలో కింద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి, స-ప-స-పలకు శ్రుతి చేస్తారు. ఒక పద్ధతి చేతికి పట్టుబడ్డాక రెండోదానికి మారడం కష్టం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1919 నుంచి విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పారు. మన దగ్గర ఈ వాద్యానికి అంత బలమైన పరంపర ఉంది, గురువులూ సులువుగా దొరుకుతారు. పాశ్చాత్య పద్ధతే కావాలంటే గ్రేడ్ పరీక్షలకు తయారుచేసే మాస్టారు ఊళ్లో ఉన్నారేమో ముందు కనుక్కుని, తర్వాతే వాద్యం కొనండి.

వయసు దాటిందేమోనన్న బెంగ వద్దు. పోటీలకు ఆలస్యమై ఉండొచ్చు కానీ, మీకోసం వాయించుకోవడానికి కాలేదు.

కథలో విన్న రచనలు పూర్తిగా వినాలంటే ఏ వరసలో వినాలి?

గెర్ష్విన్ "రాప్సొడీ ఇన్ బ్లూ"తో మొదలుపెట్టండి. "నోదామే"లో నోదామే ముంగిస వేషం వేసుకుని పియానికా (ఊదుతూ మెట్లు నొక్కే చిన్న వాద్యం) ఊదే సన్నివేశం గుర్తొచ్చి అదే లాక్కుపోతుంది. తర్వాత బీథోవెన్ ఏడవ సింఫనీ, ముందు మొదటి భాగం, ఇంకోరోజు రెండోది. రఖ్మానినోఫ్ రెండవ పియానో కాన్సర్టోలో మొదటి నిమిషం చాలు, పియానో ఒక్కటే మెల్లగా గంటల్లా మొదలై ఎలా పెరుగుతుందో వినండి. షోపాన్ మొదటి బల్లాడ్ సుమారు తొమ్మిది నిమిషాలు. దీన్ని ఇద్దరు పియానిస్టుల రికార్డింగుల్లో వెంటవెంటనే విని చూడండి. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే కాగితం. ఎవరు ఎక్కడ ఆగారో, ఎక్కడ తొందరపడ్డారో రెండోసారి వినేసరికి మీ చెవికే పట్టుబడుతుంది. చియాకి, నోదామే దేని మీద పోట్లాడుకుంటున్నారో కూడా తెలిసిపోతుంది.